దోహాలో ఏకాగ్రతా శిబిరం

నేను ఖతార్ వెళ్ళి పది రోజులుండి వచ్చాను. ఏలూరులో మా కాలేజీ స్టాఫ్ రూములో ఇప్పటికీ "దుబాయ్ ఎలా ఉంది మేడం" అనే అడుగుతున్నారు. దుబాయ్ కాదని రెండు మూడుసార్లు చెప్పి ఊరుకున్నాను. ఎత్తైన మేడలు, ఎడారిలో ఒంటెలు, సముద్రపొడ్డు షికార్లు చూడాలనుకునేవాళ్ళకు ఈ రాత పెద్దగా ఉపయోగపడదు. అవి నేనూ చూడలేదు. నేను వెళ్ళింది ఉపన్యాసం ఇవ్వడానికి.

నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. హిట్లర్ కాలంలో కాన్‌సెంట్రేషన్ క్యాంపుల్లో పడి, చావకుండా బయటికొచ్చినవాళ్ళు రాసిన పుస్తకాలు ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాను. మనిషికున్న హక్కులన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి ఎలా లాగేసుకోవచ్చో ఆ పుస్తకాల్లో ఉంటుంది. పేరు తీసేస్తారు, బట్టలు తీసేస్తారు, జుట్టు తీసేస్తారు, చివరికి ప్రాణం. కొన్ని పేజీలు తెలుగులోకి చేసి పిల్లలకు చదివి వినిపిస్తుంటాను. ఇది విని మా చిన్నాన్న కొడుకు ప్రభాకర్ ఫోన్ చేశాడు. వాడు పదేళ్ళుగా దోహాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో కాగితాలన్నిటికీ నంబర్లు వేసి భద్రపరిచే ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి తెలుగువాళ్ళ సంఘానికి కార్యదర్శి కూడా. "ఎప్పుడూ పాటలూ డాన్సులే అయిపోతున్నాయక్కా. ఈసారి నువ్వొచ్చి నాలుగు మంచి మాటలు చెప్పు" అన్నాడు. సరేనన్నాను.

కారు దిగని టీ కొట్టు

గురువారం పొద్దున దిగాను. ప్రభాకర్ ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా ఒక టీ కొట్టుకు తీసుకెళ్ళాడు. అక్కడ ఎవరూ కారు దిగరు. కొట్టు ముందు ఆపి హారన్ కొడతారు, లోపలి నుంచి మనిషి పరుగున వచ్చి ఏం కావాలో అడిగి వెళ్తాడు. ఇరవై కార్లు, ఇరవై హారన్లు. ఎవరి హారన్ ఎవరిదో ఆ మనిషికి మాత్రం తెలుస్తుంది. మా ఏలూరులో టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చుని పేపరు చదవకపోతే టీ తాగినట్టే ఉండదు. ఇక్కడ యాలకులు దట్టించిన కరక్ చాయ్ రెండు రియాళ్ళు. చిక్కగా, బాగుంది. అద్దం దించి గ్లాసు అందుకోవాలి, తాగి అద్దం దించి గ్లాసు ఇవ్వాలి.

గ్లాసు చేతిలో ఉండగానే ప్రభాకర్ ఫోన్‌లో పోస్టరు చూపించాడు. నా ఫోటో బాగానే ఉంది. దాని కింద పెద్ద అక్షరాలతో "ఏకాగ్రతా శిబిరం" అని ఉంది. ఇంకా కింద, "ఇరవై ఏళ్ళ అనుభవం గల ప్రొఫెసర్ గారిచే. పిల్లలకు ప్రవేశం ఉచితం."

"ఏమిట్రా ఇది" అన్నాను.

"కాన్‌సెంట్రేషన్ క్యాంప్ అని నువ్వు ఇంగ్లీషులో పంపావు కదక్కా. మా వాళ్ళు ఫోన్‌లో పెట్టి తెలుగు చేశారు."

"అది నిర్బంధ శిబిరం. మనుషుల్ని తీసుకెళ్ళి బంధించి చంపిన చోటు. మనసు నిలబెట్టుకునే చోటు కాదు."

ప్రభాకర్ ఫోన్‌లో గ్రూపులన్నీ తిప్పి చూశాడు. "ఇప్పటికే అన్ని గ్రూపుల్లోకీ వెళ్ళిపోయిందక్కా" అన్నాడు. "నువ్వు కంగారుపడమాక. అక్కడికొచ్చాక చెబుదాం."

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్: శుక్రవారమే ఆదివారం

ప్రభాకర్ వాళ్ళుండే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ప్రాంతంలో ఒక్కో విల్లాను గదులు గదులుగా పంచుకుని నాలుగైదు కుటుంబాలుంటాయి. వీళ్ళ విల్లాలో పక్క గదుల్లో గుడివాడ వాళ్ళు, మేడ మీద హైదరాబాద్ వాళ్ళు, వెనక గదుల్లో తమిళులు. పొద్దున అందరి పోపులూ ఒకేసారి వేగుతుంటే ఏ ఇంట్లో ఏం వండుతున్నారో చెప్పడం కష్టం. ప్రభాకర్ భార్య సునీత హమూర్ చేపతో పులుసు పెట్టింది. ముక్క మెత్తగానే ఉంది గానీ, కొల్లేటి చేపకుండే రుచి లేదు. ఆ మాట నేను అనలేదు. సునీతే అంది.

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే. చర్చిలో తెలుగువాళ్ళ సమయం అయ్యేలోపు బయట మలయాళీలు, వాళ్ళ వెనక ఫిలిప్పీన్సు వాళ్ళు వరసలో ఉన్నారు. పాస్టరు గారు గడియారం చూసుకుంటూ ప్రార్థన చేశారు. ఆదివారం అందరూ ఆఫీసులో ఉంటారు. యాభై రెండేళ్ళుగా ఆదివారం చర్చికెళ్ళిన నాకు ఆ రోజంతా వారం తప్పినట్టే ఉంది.

సాయంత్రం నాలుగింటికి సభ. హాల్లోకి వెళ్ళేసరికి ముందు వరసల్లో పిల్లలు నోటు పుస్తకాలు, పెన్సిళ్ళు పట్టుకుని కూర్చున్నారు. ఒకావిడ నా చేయి పట్టుకుని, "మావాడు టెన్త్ అండి. పుస్తకం ముందు ఐదు నిమిషాలు కూర్చోడు. కొంచెం ప్రత్యేకంగా చూడండి" అంది. ఇంకొకాయన ఇంజనీరట, "మెమొరీ టెక్నిక్స్ కూడా కవర్ చేస్తారా" అని అడిగాడు.

పోస్టరులో పొరపాటు దొర్లిందని, నేను మాట్లాడబోయేది మనుషుల్ని ఎలా హింసించారో, బతికినవాళ్ళు దాన్ని ఎలా రాశారో అని చెప్పాను. కుర్చీలు జరిగిన చప్పుడు. సగం మంది పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయారు. తప్పు పట్టలేను. ఆ ఇంజనీరు గారు మాత్రం కదల్లేదు. "అయితే మెమొరీ సంగతి ఉండదన్నమాట" అన్నాడు.

"ఇదంతా మెమొరీ సంగతేనండి" అన్నాను.

మిగిలినవాళ్ళకు అరగంట చదివాను. వాళ్ళ వెనక గోడకానుకుని, తెలుగు ముక్క రాని ఒక సన్నటి మనిషి నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటూ కనబడ్డాడు. అయ్యాక వచ్చి హిందీలో పరిచయం చేసుకున్నాడు. పేరు వర్గీస్, కేరళ. ప్రభాకర్ పనిచేసే కంపెనీలోనే సేఫ్టీ ఆఫీసరు.

"మేడం, ఇంకో రెండు వారాల్లో మా కంపెనీకి ఆడిట్ ఉంది" అన్నాడు. "కార్మికులకు ఏకాగ్రత మీద శిక్షణ ఇచ్చినట్టు రికార్డు ఉండాలి. ఏకాగ్రత లేకే పరంజాల మీంచి పడిపోతున్నారని హెడ్ ఆఫీసు అభిప్రాయం. మా క్యాంపులో తెలుగువాళ్ళు చాలామంది. రేపు వస్తారా?"

ఇది ఆ ఏకాగ్రత కాదని చెప్పబోయాను. ప్రభాకర్ నా మోచేతిని మెల్లగా నొక్కాడు. బయటికొచ్చాక అన్నాడు, "నీ ఉపన్యాసం కావలసింది వాళ్ళకేనక్కా. మామూలుగా అడిగితే ఆ గేటు లోపలికి నిన్ను రానివ్వరు."

ఇండస్ట్రియల్ ఏరియా: హెల్మెట్

శనివారం సాయంత్రం ఇండస్ట్రియల్ ఏరియాకు వెళ్ళాం. వర్క్‌షాపులు, గోదాములు దాటాక ఒకే రంగు వేసిన పొడవాటి బ్లాకులు. అదే క్యాంపు. డ్యూటీ అయిపోయి కంపెనీ బస్సులు ఒకటొకటే వస్తున్నాయి. గేటు దగ్గర నేపాలీ వాచ్‌మన్ రిజిస్టరులో నా పేరు ఎదురుగా "పని" అన్న చోట "ఏకాగ్రత" అని రాసుకున్నాడు. వర్గీస్ నాకు హెల్మెట్, మెరిసే చొక్కా, ఇనప ముక్కు బూట్లు ఇచ్చాడు.

"భోజనాల హాల్లోకి ఇవెందుకు" అన్నాను.

"ఫోటోల కోసం మేడం. శిక్షణ ఇచ్చేవాళ్ళు సేఫ్టీ పాటించినట్టు కనబడాలి."

బూట్లు నా పాదానికి రెండు సైజులు పెద్దవి. చీర మీద మెరిసే చొక్కా, తల మీద పసుపు హెల్మెట్‌తో, టప్ టప్‌మని నడుచుకుంటూ మెస్ హాల్లోకి వెళ్ళి, అరవై మంది ముందు నిలబడి నాజీల చెరల గురించి మాట్లాడాను. వర్గీస్ వెనక నుంచి ఫోటోలు తీశాడు.

మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. స్నానానికి వరసలో చోటు పోతుందని కొందరు తలుపు వైపే చూస్తున్నారు. నేను చదివాను. చలిలో మనుషుల్ని గంటల తరబడి నిలబెట్టి లెక్కపెట్టేవాళ్ళు. లెక్క తప్పితే మళ్ళీ మొదటి నుంచి. ముందు రోజు చచ్చిపోయినవాళ్ళను కూడా పక్కవాళ్ళు మోసుకొచ్చి వరసలో పెట్టాలి, లెక్క సరిపోవాలి కాబట్టి. ఇక్కడికొచ్చేసరికి తలుపు వైపు చూస్తున్నవాళ్ళు ఇటు తిరిగారు. తర్వాత సూపు సంగతి చదివాను. ముందు నిలబడితే పైన తేలే నీళ్ళు, వెనక నిలబడితే అడుగునున్న రెండు దుంప ముక్కలు. కానీ మరీ వెనకైతే అసలేమీ మిగలదు. ఎక్కడ నిలబడాలన్నదే ప్రాణం మీదికొచ్చే లెక్క.

"మా సాంబారు గూడ గంతే మేడం" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. వర్గీస్ సంతోషంగా తల ఊపాడు. శిక్షణ బాగా సాగుతోందనుకున్నాడు.

ముందు బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దమనిషి నవ్వలేదు. పేరు గంగారాం, మెట్‌పల్లి దగ్గర ఊరు, ఇనుము కట్టే పనివాళ్ళకు మేస్త్రి. చేయెత్తి అడిగాడు. "రాసినోళ్లు ఎందుకు రాసిండ్రు మేడం? రాస్తె ఏమొచ్చింది?"

చచ్చిపోయినవాళ్ళకు మాట ఇచ్చామని కొందరు రాశారన్నాను. చెప్పకపోతే ఇది జరగనట్టే అయిపోతుందని భయపడి ఇంకొందరు రాశారు.

"నమ్మిండ్రా?"

"మొదట్లో చాలామంది వినడానికి కూడా ఇష్టపడలేదు. అచ్చు వేసేవాళ్ళు దొరకక ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళున్నారు."

గంగారాం బెంచీ మీంచి లేచాడు. "ఒక మాట జెప్తా, ఏమనుకోకుండ్రి. మీరు మీ ఊరికి పోయి, మా క్యాంపు, గా క్యాంపు ఒక్కటే అని మాత్రం చెప్పకుండ్రి. వాళ్లను పెండ్లాం పిల్లలతోని పట్టుకపోయి సంపిండ్రు. మేము ఏజెంటు సుట్టు మేమే తిరిగి వచ్చినం. రెండు ఒకటి చేస్తె వాళ్లకు తప్పు జేసినట్లయితది. గని మనిషిని నంబరు పెట్టి పిలుసుడు యాడ షురువయితది, యాడిదాక పోతది, గది జర చెప్పుండ్రి."

ఇరవై ఏళ్ళుగా ఇవి చదువుతున్న నా దగ్గర దానికి జవాబు లేదు. లేదనే చెప్పాను. ఆయన సరేనన్నట్టు తల ఊపి కూర్చున్నాడు.

చివర్లో వర్గీస్ అందరికీ ఒక్కో ఫారం, ఒక్కో పెన్ను పంచాడు. ఫారం మీద రెండే ప్రశ్నలు: ఏకాగ్రత గురించి మీరు ఏం నేర్చుకున్నారు, మీ ఏకాగ్రతకు అడ్డం వచ్చేవి ఏమిటి. పైన ఉద్యోగి సంఖ్యకు ఒక గడి ఉంది. పేరుకు గడి లేదు. "ఏ భాషలోనైనా రాయొచ్చు" అని హిందీలో ప్రకటించాడు. స్నానం సంగతి మరిచిపోయి చాలామంది బల్లల మీదికి వంగి రాశారు.

అల్ రయ్యాన్: ఫారాలు

ఆదివారం నన్ను అల్ రయ్యాన్‌లోని కంపెనీ ఆఫీసుకు రమ్మన్నారు. ఫారాలన్నీ తెలుగులో ఉన్నాయి, ఆడిట్‌కు ఇంగ్లీషులో కావాలి. ప్రభాకర్ పక్క బల్ల దగ్గర కూర్చుని, లబన్ అనే మజ్జిగ సీసా తెరిచి, మొదలుపెట్టాను.

చాలావాటిలో "బాగుంది", "మేడం బాగా చెప్పిండ్రు" అని ఉంది. పదకొండు మాత్రం వేరు. ఒకాయన రాశాడు: "గది ఆరుగురికి. మేము పదిమందిమి. ఒక మంచం తలుపుకు అడ్డం." ఇంకొకాయన: "నీళ్ల కూలర్ ఖరాబై నాలుగు నెలలు. తాగాల్నంటె పక్క బ్లాకుకు పోవాలె." మరొకటి: "జ్వరమొస్తె క్లినిక్ చిట్టి ఉంటెనే లీవు. క్లినిక్‌కు పోవాల్నంటె లీవు కావాలె." గంగారాం రాశాడు: "పాస్‌పోర్టు తొమ్మిదేండ్ల సంది క్యాంప్ బాస్ బీరువల ఉన్నది. అడిగితె బుక్రా అంటడు." బుక్రా అంటే రేపు. ఆ దేశ చట్టం ప్రకారం పాస్‌పోర్టు ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండాలని ప్రభాకరే నాకు చెప్పాడు.

ఆఖరి ఫారంలో మూడు వాక్యాలే ఉన్నాయి. "బక్కన్నది నా పక్క మంచం. పోయిన ఎండకాలం డ్యూటీ నుంచి వచ్చి పండుకుండు, పొద్దుగాల లెవ్వలె. ఎందుకని ఎవ్వలు అడగలె." పక్కన మార్జిన్‌లో తన పేరు తానే రాసుకున్నాడు: రాజేశం.

ప్రభాకర్‌ను పిలిచి చూపించాను. చదివి, అటూ ఇటూ చూశాడు.

"అక్కా, అన్నిటికీ 'ఏకాగ్రత పెరిగింది' అని రాసెయ్యి. నంబర్లున్నాయి వాటి మీద. ఇది బయటపడితే వాళ్ళని మొదటి విమానం ఎక్కిస్తారు. నిన్ను తీసుకొచ్చిందెవరని నన్నూ అడుగుతారు. పిల్లలు ఇక్కడే చదువుతున్నారు."

వాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నేను మరో ఆరు రోజుల్లో విమానం ఎక్కి వెళ్ళిపోతాను. వీళ్ళందరూ ఇక్కడే ఉంటారు. కానీ సాక్ష్యంలో ఒక్క మాట కూడా మార్చకూడదని ప్రతి ఏడూ క్లాసులో చెప్పే మనిషిని నేనే. చేతిలోని పెన్ను కింద పెట్టేశాను. భయం వేసింది. సిగ్గు కూడా వేసింది, ఏది ఎక్కువో తెలియలేదు.

అప్పుడు నాకు ఒకటే తోచింది. రాసింది వాళ్ళు. అడగవలసింది వాళ్ళనే.

వర్గీస్ దగ్గరికెళ్ళి, కొన్ని చేతిరాతలు అర్థం కావడం లేదు, ఒకసారి క్యాంపుకు వెళ్ళి కనుక్కుంటానని చెప్పాను. "మళ్ళీ హెల్మెట్ పెట్టుకోండి" అన్నాడు.

మళ్ళీ క్యాంపు

సోమవారం డ్యూటీ అయ్యాక ఆ పదకొండు మందినీ మెస్ హాల్లో ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టాను. ఉన్నదున్నట్టు ఇంగ్లీషు చేస్తే ఏం జరగొచ్చో ప్రభాకర్ చెప్పాడు, ఏదీ దాచలేదు. ఎవరి ఫారం వాళ్ళ ముందు పెట్టాను.

ముగ్గురు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఒకతను, "మాఫీ మేడం, నాకు ఇంకో ఏడాది పనున్నది" అన్నాడు. మాఫీ అడగవలసింది అతను కాదని చెప్పాను. ఐదుగురు రాసింది ఉంచి, నంబరు కొట్టేయమన్నారు. గంగారాం, ఇంకొకతను అలాగే ఉంచమన్నారు.

రాజేశం ముప్పై ఏళ్ళ మనిషి, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మొహం చూడడు. ఫారం తిప్పి చూసి, "పేరు మీరు ఇంగ్లీషుల రాస్తరా" అని అడిగాడు.

"రాస్తాను. కావాలంటే రాయను."

"బక్కన్న పేరు గూడ రాయుండ్రి. నా పేరు తప్పు పోయినా మంచిదే, వానిది తప్పు పోవద్దు." ఒక చీటీ మీద బక్కన్న ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, మండలం రాసి ఇచ్చాడు.

"భయం లేదా" అన్నాడు ప్రభాకర్.

"ఉంటది గద అన్నా. లేకేం." కాసేపు బల్ల మీది పెన్నును అటూ ఇటూ దొర్లించాడు. "రోజు గా మంచం పక్కకెల్లే పోతున్న. గిప్పుడు గండ్ల ఇంకొకాయన పంటున్నడు. ఆయనకు గూడ ఎరుక లేదు."

తిరిగి వచ్చేటప్పుడు ఇండస్ట్రియల్ ఏరియా దాటాక ప్రభాకర్ కారు పక్కకు ఆపాడు. "బక్కన్న కాగితం నా చేతి మీదుగానే వెళ్ళిందక్కా" అన్నాడు. "సహజ మరణం అని ఉంది. నేనే నంబరు వేశాను."

వర్గీస్ పట్టిక

మంగళవారం ప్రభాకర్‌ను వెంటబెట్టుకుని ఎనిమిది ఫారాల అనువాదం వర్గీస్ బల్ల మీద పెట్టాను. మొదటిది చదివి నా వైపు చూశాడు. రెండోది చదివి లేచి తలుపు మూశాడు. ఎనిమిదీ చదివాక, "మీరు మొన్న చెప్పింది ఏకాగ్రత గురించి కాదు కదా" అన్నాడు.

"కాదు."

"శుక్రవారం హాల్లో అందరూ ఏడుపు మొహాలతో ఎందుకున్నారా అనుకున్నాను." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన కూడా ఇలాంటి క్యాంపులోనే తొమ్మిదేళ్ళు ఉన్నాడట, హెల్పరుగా వచ్చి, పరీక్షలు రాసి ఇక్కడికి చేరాడు. కాగితాలు చించేస్తాడేమోనని నేను, ప్రభాకర్ వాటివైపే చూస్తూ కూర్చున్నాం.

"ఇది హక్కుల విషయమని పైకి పంపితే లీగల్ వాళ్ళ దగ్గరికి వెళ్తుంది" అన్నాడు చివరికి. "అక్కడే ఆగిపోతుంది. అదే సేఫ్టీ అని పంపితే, ఆడిట్ లోపల జవాబు చెప్పి తీరాలి."

తర్వాత మూడు గంటలు మేం చేసిన పని నా జీవితంలో మరెప్పుడూ చెయ్యలేదు. వర్గీస్ ఒక పట్టిక గీశాడు. గుర్తించిన అంశం, ఏకాగ్రతపై ప్రభావం, తీసుకోవలసిన చర్య. పాస్‌పోర్టు ఎక్కడుందోనన్న ఆలోచన వల్ల కార్మికుడు పరంజా మీద ఏకాగ్రత కోల్పోతున్నాడు. పాస్‌పోర్టులు తిరిగి ఇవ్వాలి. గదిలో పదిమంది ఉండడం వల్ల నిద్ర తక్కువై ఏకాగ్రత తగ్గుతోంది. ఆరుగురే ఉండాలి, తలుపుకు అడ్డమున్న మంచం తీసేయాలి. దాహం ఏకాగ్రతకు శత్రువు, కూలర్ మార్చాలి. ఇదంతా ఆయన ఎంతో శ్రద్ధగా, ఒక్కసారి కూడా నవ్వకుండా రాశాడు. నేను స్పెల్లింగులు సరిచూశాను. వాళ్ళు రాసిన మాటల అనువాదం ఒక్క అక్షరం మార్చకుండా వెనక జతచేయాలని పట్టుబట్టాను. ఒప్పుకున్నాడు.

రాజేశం ఫారం దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. వర్గీస్ మధ్య గడి చూపించాడు. "దీనివల్ల ఏకాగ్రతకు ఏమైందని రాయను" అన్నాడు. మధ్య గడి ఖాళీగా వదిలి, మూడో గడిలో "మరణ కారణం మళ్ళీ విచారించాలి" అని రాశాడు.

ప్రభాకర్ ఆ కాగితాలు తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళాడు. కంప్యూటర్‌లో ఎక్కించి, నంబరు వేసి, ముద్ర కొట్టి తెచ్చాడు.

"నంబరు పడ్డాక డాక్యుమెంటు తీసెయ్యాలంటే ముగ్గురు మేనేజర్లు సంతకం పెట్టాలక్కా" అన్నాడు. "పెట్టమంటే ఎవరూ పెట్టరు. తీసేసిందెవరో రికార్డులో ఉంటుంది కదా."

ఆ సాయంత్రం కారు బయట పెట్టి, నన్ను సూక్ అనే పాత బజారు లోపలికి నడిపించుకుని తీసుకెళ్ళాడు. అన్నం, మాంసం కలిపి వండిన మచ్‌బూస్ ఒక పెద్ద పళ్ళెంలో పెట్టుకుని ఇద్దరం తిన్నాం. మన బిర్యానీ కంటే కారం తక్కువ, ఎండు నిమ్మకాయ పులుపు ఎక్కువ. రెండు రోజుల తర్వాత వాడు కడుపునిండా తినడం అప్పుడే చూశాను.

పాస్‌పోర్టుల రోజు

గురువారం హెడ్ ఆఫీసు జవాబు వచ్చింది. శుక్రవారం సెలవు కాబట్టి పొద్దున పదింటికి మెస్ హాల్లో కార్యక్రమం పెట్టారు. గోడ మీద "ఏకాగ్రత మెరుగుదల పథకం" అని ఇంగ్లీషు బ్యానరు. క్యాంప్ బాస్ బీరువాలోంచి తెచ్చిన రెండు అట్టపెట్టెలు బల్ల మీద పెట్టుకుని, ఒక్కొక్కరి పేరూ చదివి పాస్‌పోర్టు ఇచ్చాడు. ఇచ్చిన ప్రతిసారీ కెమెరా వైపు తిరిగి నవ్వాడు, ఈ ఆలోచన మొదటి నుంచీ తనదే అన్నట్టు.

గంగారాం తనది తెరిచి ఫోటో చూశాడు. ఒత్తుగా జుట్టున్న మనిషి. "గీడెవడు" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు, ఈసారి ఆయన కూడా నవ్వాడు. తర్వాత దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, జేబు మీద చేయి వేసుకునే హాలంతా తిరిగాడు. కొత్త కూలర్ బయట వరండాలో ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. తలుపుకు అడ్డమున్న మంచం తీశారు. గదికి ఆరుగురు అన్నదానికి మాత్రం "పరిశీలనలో ఉంది" అని రాశారు. ఎవర్నీ విమానం ఎక్కించలేదు. ఆడిట్ అయ్యేదాకా అయినా ఎక్కించరని వర్గీస్ అన్నాడు. అయ్యాక సంగతి ఆయనా చెప్పలేకపోయాడు.

రాజేశం పాస్‌పోర్టు తీసుకుని నేరుగా మా దగ్గరికి వచ్చాడు. "నాదానికి ఏమి రాసిండ్రు" అని అడిగాడు. ప్రభాకర్ పట్టిక తీసి ఆఖరి వరస చూపించాడు. మిగతా అన్నిటి ఎదురుగా హెడ్ ఆఫీసు జవాబు రెండేసి మూడేసి లైన్లుంది. ఇక్కడ ఒకే ఇంగ్లీషు మాట ఉంది.

"క్లోజ్డ్" అని చదివాడు రాజేశం. "గిదేంది మేడం?"

"ఇక దాని మీద చేసేదేమీ లేదని" అన్నాను. ఇంతకంటే మెత్తగా చెప్పే మాట నాకు తెలుగులో దొరకలేదు.

"ఎవలు జేసిండ్రు క్లోజు?"

ప్రభాకర్ కాగితం రెండు వైపులా చూశాడు. "పేరు లేదు" అన్నాడు.

రాజేశం ఆ మాటను వేలితో తాకి చూశాడు. అవతల క్యాంప్ బాస్ ఫోటోలు, నవ్వులు సాగుతూనే ఉన్నాయి. నేను ఏదో ఓదార్పు మాట అనబోయాను. అతను నా మొహంలోకి చూశాడు, నాకు తెలిసి మొదటిసారి.

"ఇంకో ఫారం ఉన్నదా?"

వర్గీస్‌కు తెలుగు రాకపోయినా ఫారం అన్న మాట అర్థమైంది. ప్రభాకర్ వైపు చూశాడు. ప్రభాకర్ ఫైలులోంచి ఒక ఖాళీ ఫారం తీసి, ఇంకా ఏమీ రాయకముందే పైన మూలన నంబరు వేసి, ముద్ర కొట్టి అతని చేతికిచ్చాడు.

"ఎంత రాయొచ్చు?"

"నీ ఇష్టం. చోటు చాలకపోతే వెనక వేరే కాగితాలు పెట్టు" అన్నాడు ప్రభాకర్. "అన్నిటికీ నంబరు వేస్తాను."

రాజేశం బ్యానరు కిందున్న బల్ల దగ్గరికెళ్ళి, దాని మీది స్వీట్ల పెట్టె పక్కకు జరిపి కూర్చున్నాడు. మేం నిలబడే ఉన్నామని గమనించి తలెత్తాడు.

"మీరు పోండ్రి మేడం" అన్నాడు. "నాకియ్యాల డ్యూటీ లేదు. టైం పడతది."